సాయం చేస్తూ పట్టుబడిన పెంచలమ్మ

చదివేవాళ్లకు ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు వచ్చింది నా మనవరాలు బడికి పోయే రోజుల్లో. ఒత్తులు అవసరం లేనిచోట పడతాయి, అవసరమైనచోట జారిపోతాయి. ఒక పేజీ నిండేలోపు పొయ్యి మీద కూర మాడిన రోజులున్నాయి. తప్పులుంటే దిద్దుకుని చదవండి. నేను నిదానంగా రాశాను గానీ మీరు నిదానంగా చదవనక్కర్లేదు.

గుండ్లవాగులో హవల్దారు మాలకొండయ్య తన ఇంట్లో మంచినీళ్లు అడిగితే బస్టాండులో జనం తల తిప్పి చూస్తారు. సైన్యంలో ఉన్నన్నాళ్లూ ఫిరంగుల పక్కన నిలబడి, రెండు చెవులూ వాటికే అప్పజెప్పి వచ్చిన మనిషి. తనకు వినపడదు కాబట్టి ఎదుటివాళ్లకూ వినపడదని ఆయన నమ్మకం. ఇప్పుడు కళ్లకు పొర కమ్మింది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి. గొంతు మాత్రం కవాతు మైదానంలో ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది.

భార్య పెంచలమ్మ ఆయనతో చేతులతో మాట్లాడుతుంది. ఫిరంగుల మోతలో మాట వినపడదు గనక అక్కడ చేతి సైగలుంటాయట. పెళ్లైన కొత్తలో ఆయనే నేర్పాడు. చెయ్యి పైకెత్తితే సిద్ధమని, ఎత్తిన చెయ్యి కిందికి దించితే పేల్చమని, రెండు చేతులూ తలమీద అడ్డంగా పెడితే ఆపమని. ఇంట్లో పెంచలమ్మ చెయ్యెత్తిందంటే అన్నం వడ్డించిందని, దించిందంటే తినమని. రెండు చేతులూ తలమీద పెట్టిందంటే ఊరగాయ ఇక చాలని. ఆయన పొర కళ్లకు అక్షరాలు ఆనవు గానీ అంతంత చేతులు ఆనతాయి. కొత్తవాళ్లు చూస్తే ఆ ఇంట్లో పూటపూటా యుద్ధం జరుగుతోందనుకుంటారు.

ఆమె హవల్దారు పెళ్లామని ఊరంతా ఎరుగుదురు. ఎరగనిది సైన్యం ఒక్కటే. మాలకొండయ్య మొదటి భార్య రవణమ్మ కాన్పులో పోయింది. ఆ తర్వాత ఆయన సెలవులో వచ్చి పెంచలమ్మను చేసుకున్నాడు. తిరిగి వెళ్లిన రోజే పై అధికారి ముందు మడమలు కొట్టి నిలబడి, మొదటి భార్య పోయిందనీ మళ్లీ పెళ్లి చేసుకున్నాననీ విన్నవించుకున్నాడు. ఆ అధికారి "శభాష్" అన్నాడు. సైనికుడికి పైవాడితో చెప్పడమంటే పని అయిపోవడమే. రాసుకున్నారా సాబ్ అని తిరిగి అడగడం క్రమశిక్షణ కాదు. ఆ వారమే ఫిరంగులు సరిహద్దుకు కదిలాయి. శభాష్ అన్న అధికారి ఇంకో చోటికి కదిలాడు. కాగితం మాత్రం కదల్లేదు. ఇన్నేళ్లూ సైన్యం రికార్డుల్లో రవణమ్మ ఆయురారోగ్యాలతో ఉంది. పెంచలమ్మ ఇంకా పుట్టనే లేదు.

ఈ సంగతి పోయిన చలికాలంలో బయటపడింది. మాలకొండయ్య గట్టి జ్వరం పడి లేచాక ఇద్దరూ బ్యాంకుకు వెళ్లారు. అక్కడి అమ్మాయి తెర మీద చూసి, "ఆయన తర్వాత పింఛను రవణమ్మగారికి వస్తుందండీ. మీరు వాళ్లకేమవుతారు?" అని అడిగింది. పెంచలమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని లేచింది. బయటికొచ్చాక సైగలూ పెదవులూ కలిపి విషయం మొగుడికి తెలియజేసేసరికి బస్సు సగం దారి వచ్చింది.  ఆయన బస్సంతా అదిరేట్టు అడిగాడు.

"పెంచలా! నేను పోతే నువ్వేం తింటావే?"

డ్రైవరుతో సహా అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె గబగబా రెండు చేతులూ తలమీద పెట్టింది.

"ఆపేదేంది? రవణమ్మకు చచ్చినాక పింఛనా? నీకు బతికుండి లేదా? నేను సైన్యానికేం ద్రోహం చేసినా!"

ముందు సీట్లో ముసలావిడ వెనక్కి తిరిగి, "చెప్పమ్మా, అంతగా అడగతా ఉండాడు గదా, ఏం తింటావో" అంది.

"ఈయన తలకాయ తింటా పెద్దమ్మా. నువ్వటు తిరుగు" అంది పెంచలమ్మ. కానీ ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. ఆమె భయం తిండి గురించి కూడా కాదు. ఇన్నేళ్ల కాపురం ఎవరో తుడిస్తే పోయేదిగా ఉందే అని.

*

పట్నంలో శేషగిరి అనే ఆయన ఉన్నాడు. 'జవాను మిత్ర' అని బోర్డు. 'మీరు దేశాన్ని కాపాడారు, మిమ్మల్ని మేం కాపాడతాం' అని దాని కింద ఇంకో బోర్డు. మాజీ సైనికుల కాగితాల పని చేసిపెడతాడు. చేసిపెట్టి, వాళ్ల ఏటీఎం కార్డులు పోతాయేమోనని తన బీరువాలో భద్రంగా దాచిపెడతాడు. పింఛను ముందుగా ఆయన్ను పలకరించి, తర్వాత మిగిలితే హక్కుదారు దగ్గరికి పోతుంది. కాలు పోయిన ఒక నాయక్‌కు సర్కారు ఇచ్చిన డబ్బుతో శేషగిరి మేడ మీద ఇంకో మేడ నిలబడింది.

ఆయన గుండ్లవాగుకూ వచ్చాడు.

"అమ్మా, సంతకం ఇక్కడ, కార్డు నా చేతిలో. నువ్వు నిశ్చింతగా ఉండు. ఆ రవణమ్మను నేను చంపేస్తా. నిన్ను నేను పుట్టిస్తా."

"ఆ రెండు పన్లూ దేవుడియ్యి నాయనా. నువ్వు గూడా మొదలుపెడితే ఆయనకు కడుపు కాలద్ది. చెప్పులు అటుపక్క ఉండాయి, చూసుకుని పో" అని సాగనంపింది పెంచలమ్మ.

ఇంతలో ఆ కాలు పోయిన నాయక్ సంగతి పత్రికల్లో వచ్చింది. సర్కారుకు మహా కోపం వచ్చింది. దళారుల నుంచి మాజీ సైనికులను కాపాడి తీరాలని పట్నంలో 'మాజీ సైనిక హక్కుల పరిరక్షణ కార్యాలయం' తెరిచారు. ఉత్తర్వు తయారు చేయడానికి పెద్దలు కూర్చున్నారు. 'డబ్బు తీసుకుని సాయం చేసేవాడు దళారి' అని మొదట రాశారట. డబ్బు తీసుకోలేదని వాడు బుకాయిస్తే ఎట్లా అని ఒకాయన అడిగాడు. నిజమే కదా అని 'డబ్బు తీసుకుని' కొట్టేశారు. మిగిలింది 'సాయం చేసేవాడు దళారి'. చిన్నగా, గుర్తుపెట్టుకోవడానికి సులువుగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

దీన్ని అమలు చేయడానికి చక్రధర్ గారు ప్రత్యేకాధికారిగా వచ్చారు. లంచం ముట్టని మనిషి, పట్టిన పట్టు విడవని మనిషి. ప్రారంభోత్సవం నాడు ఆయన మాట్లాడారు.

"సహాయమే దోపిడీకి మొదటి మెట్టు. మెట్టునే తొలగించినచో ఎక్కువాడెవ్వడు? నేటి నుండి ఈ జిల్లాలో ఏ మాజీ సైనికునికీ, ఏ రూపేణా, ఎవ్వరి వలనా సహాయము అందకుండా చూచుటయే ఈ కార్యాలయపు పవిత్ర కర్తవ్యము."

చప్పట్లు మోగాయి. మాజీ సైనికులే ఎక్కువగా కొట్టారు. వేదిక మీద ఉన్నవాళ్లు కొడితే తామూ కొట్టడం వాళ్లకు అలవాటు.

*

పెంచలమ్మ మొగుణ్ని వెంటబెట్టుకుని ఆ కార్యాలయానికి వెళ్లింది. అది మేడ మీద ఉంది. మెట్ల దగ్గర మస్తాన్ అనే గార్డు నిలబడి ఉన్నాడు. ఆయనా మాజీ సైనికుడే. మెడలో 'సహాయ నిరోధక విభాగం' అని బిళ్ల.

"వదినా, అన్న చెయ్యి వదిలెయ్" అన్నాడు మస్తాన్.

"వదిల్తే పడతాడు నాయనా."

"పడితే ప్రమాదం. పట్టుకుంటే నేరం. నాకిచ్చిన ఆర్డరు అది."

"మెట్లకు ఇనప కమ్మీ ఉండేదంట గదా, అదన్నా పట్టుకుని పోతాడు. యాడుంది?"

మస్తాన్ తల గోక్కున్నాడు. "అది గూడా ఎక్కేదానికి సాయం చేస్తా ఉందని పెద్దసారు పీకించినాడు."

మాలకొండయ్యకు ఇదంతా వినపడలేదు గానీ యూనిఫాం కనపడింది. సెల్యూట్ కొట్టాడు. మస్తాన్ తిరిగి కొట్టాడు. ఆ తర్వాత హవల్దారు శత్రువుల గుట్ట ఎక్కినట్టు గోడను పట్టుకుని ఒక్కడే మెట్లెక్కాడు. పైన ఎటు పోవాలో చూపించే బాణం గుర్తులు గీకేసి ఉన్నాయి, దారి చూపడం సాయం కదా. ఆయన కనపడిన మొదటి గదిలోకి పోయి తన గోడు చెప్పాడు. కిందికి వచ్చేసరికి చేతిలో చేపపిల్లల సబ్సిడీ మంజూరు కాగితం ఉంది. ఆ గది మత్స్యశాఖ వాళ్లది. ఆ గొంతు విని వాళ్లు భయపడి వెంటనే మంజూరు చేశారు.

"అయిపోయింది పెంచలా!" అన్నాడు సంతోషంగా.

పెంచలమ్మ ఆ కాగితాన్ని మస్తాన్‌కు చూపించింది. మస్తాన్ చదివాడు. నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగాడు. "నేను చదివి చెప్తే సాయం కిందికి వస్తది వదినా. నేనేం చెప్పను. కానీ మీ ఇంటికాడ చెరువు తవ్వుకోండి."

మళ్లీ వారం హవల్దారు సరైన గది చేరాడు. పెంచలమ్మ వరండా చివరిదాకా వస్తే మస్తాన్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. లోపల సులోచన అనే గుమస్తా ఉంది. మంచి పిల్ల. ఆమె బల్లకు దారంతో కట్టి ఉండే పెన్ను కత్తిరించేశారు. జిగురు సీసా తీసేశారు. నోటీసు బోర్డు మీద గుడ్డ కప్పారు.

"ఏ కాగితం రాయాలమ్మా?" అని హవల్దారు అరిచాడు.

 సులోచన బల్ల దగ్గర్నుంచి లేచింది. వరండాలో ఉన్న పెంచలమ్మ దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "పెద్దమ్మా, నేనిక్కడ కూర్చునేది అడిగినవాళ్లకు చెప్పడానికి. చెబితే నా ఉద్యోగం పోతుంది. చెప్పకుండా కూర్చుంటే ఈ నెల ఉత్తమ ఉద్యోగి నేనే."

"మరి జీతం ఎందుకిస్తా ఉండారమ్మా?"

"అది అడిగితే చెప్పడం కూడా..." అంటూనే సులోచన ఆగిపోయి లోపలికి పోయింది.

ఇన్ని అడ్డంకులు దాటి ఎవరైనా దరఖాస్తు ఇస్తే, చక్రధర్ గారికి ఇంకో అనుమానం వచ్చింది. ఇంత చక్కగా రాశాడంటే ఎవరో సాయం చేసి ఉండాలి. కాబట్టి ప్రతి దరఖాస్తుకూ 'ఎవ్వరి సహాయమూ పొందలేదు' అనే ధ్రువపత్రం జతచేయాలన్నారు. మరి సాయం జరగలేదని ఎవరు చెప్పగలరు? దరఖాస్తు రాసేటప్పుడు పక్కనే ఉండి, ఏమీ చేయకుండా చూస్తూ కూర్చున్నవాడే చెప్పగలడు. అట్లాంటివాళ్లకు లైసెన్సులిస్తామని ప్రకటన వచ్చింది.

మొదటి లైసెన్సు శేషగిరి తీసుకున్నాడు.

కార్యాలయం ఎదురుగానే కొత్త బోర్డు లేచింది. 'జవాను మిత్ర, అధికారిక నిస్సహాయ సాక్షి కేంద్రం'. లోపల శేషగిరి చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ముసలి సైనికులు ఎదురుగా కుర్చీలో కూర్చుని వణుకుతూ, కొట్టివేస్తూ, మళ్లీ రాస్తూ ఉంటారు. ఆయన చూస్తూ ఉంటాడు. ఎవరైనా "ఈ గడిలో ఏం రాయాల శేషయ్యా?" అని అడిగితే, "అన్నా, నా నిజాయితీని పరీక్షించొద్దు" అంటాడు. ఆఖర్న ధ్రువపత్రం మీద ముద్ర కొట్టి ఫీజు తీసుకుంటాడు. పూర్వం సాయం చేసి తీసుకునే దానికంటే ఇది ఎక్కువ. కష్టం కూడా తగ్గింది, ఒళ్లు కూడా వచ్చింది. జెండా పండుగ నాడు చక్రధర్ గారు ఆయనకు శాలువా కప్పి, "ఇట్టి నిస్వార్థ నిష్క్రియాపరులు దేశానికి ఆదర్శము" అన్నారు.

*

పెంచలమ్మ చక్రధర్ గారినే అడుగుదామని ఒకరోజు ఆయన కారు దిగే చోట కాచుకుంది. మొగుడు వెనకాల నిటారుగా నిలబడ్డాడు.

"సార్, ఈయన రికార్డులో నన్ను ఎక్కియ్యాల. నేనాయన భార్యను."

ఆయన మర్యాదగానే విన్నారు. "దరఖాస్తుతో దంపతుల ఉమ్మడి ఛాయాచిత్రము జతపరచవలెను. భార్య స్వయముగా హాజరు కావలెను."

"హాజరయినా గదా సార్, ఇదుగో."

"ఆగండి. మీరు భార్య అని రికార్డులో ఉన్నదా?"

"లేదనే గదా సార్ వచ్చింది."

"రికార్డులో లేని వ్యక్తి బయటి వ్యక్తి. బయటి వ్యక్తి హక్కుదారుని వెంట వచ్చినచో దళారి. మీరు భార్యగా నమోదైన పిమ్మట రండి, మిమ్ములను నమోదు చేయుటకు పరిశీలించెదము."

"నమోదైనాక మళ్లీ ఎందుకు సార్ నమోదు?"

"అదియే విధానము."

"ఏమంటా ఉండాడే?" అని మాలకొండయ్య గర్జించాడు. పెంచలమ్మ సైగ చేయబోయి, చక్రధర్ గారు చూస్తుంటే చేతులు కొంగులో దాచుకుంది.

ఆమె ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుంది. సర్పంచి హజరతయ్య పరామర్శకు వచ్చి, "పోనీ ఆ శేషగిరి కాళ్లే పట్టుకుందామా వదినా" అన్నాడు.

"ఏం చేస్తాడబ్బా ఆయన? ఏమీ చేయకుండా ఉండేదానికి డబ్బులడగతాడు. ఏమీ చేయకుండా ఉండేది మన ఊళ్లో నువ్వు ఊరికే చేస్తా ఉండావు గదా" అంది. హజరతయ్య నొచ్చుకోలేదు. అది నిజమని ఆయనకూ తెలుసు.

*

కొద్ది రోజులకు చక్రధర్ గారు తానే స్వయంగా హక్కుదారులను విచారిస్తానని కబురంపారు. మాలకొండయ్య పతకాలు పెట్టుకుని పోయి ఆయన ముందు నిలబడ్డాడు. బయటివాళ్లు తలుపు అవతలే ఉండాలి. పెంచలమ్మ అక్కడే ఉంది. తలుపు సగం తెరిచి ఉంది.

"మీ భార్య పేరేమి?" అన్నారు చక్రధర్ గారు.

హవల్దారుకు పెదవులు కదలడం మాత్రం కనపడింది. పెద్ద అధికారి అడిగాడంటే ఏ యుద్ధంలో ఉన్నావనే అడుగుతాడు.

"కొండ మీద సార్! మంచులో! రాత్రంతా పేల్చినాం!"

సులోచన రాయబోయి ఆగింది. "అది భార్య పేరు కాదు సార్."

"మీ భార్య ప్రస్తుతం ఎక్కడ ఉన్నారు?"

"గుండు తగిలి లోయలో పడింది సార్! మళ్లీ లాక్కొచ్చినాం!" ఆయన చెబుతున్నది ఒక ఫిరంగి సంగతి.

చక్రధర్ గారు నోట్ చేసుకోమన్నారు. భార్య లోయలో పడి చనిపోయిందని రాయాలా బతికిందని రాయాలా అని సులోచన అడిగింది. తలుపు అవతల పెంచలమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది. గుమ్మంలోకి వచ్చి రెండు చేతులూ తలమీద అడ్డంగా పెట్టింది. హవల్దారు టక్కున నోరు మూశాడు. ఆమె తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, మెళ్లో తాళి పైకెత్తి చూపి, చెయ్యి పైకెత్తి, కిందికి దించింది.

"పెంచలమ్మ సార్!" అని పేల్చాడు మాలకొండయ్య. "నా భార్య పెంచలమ్మ! అదుగో!"

చక్రధర్ గారు కుర్చీలోంచి లేచారు. ఇన్ని నెలల్లో ఆయన కళ్లారా ఒక్క సాయాన్నీ పట్టుకోలేదు.

"సంకేతములు! బహిరంగ సహాయము! మస్తాన్, తలుపు మూయుము. సులోచనా, కేసు వ్రాయుము."

 మాలకొండయ్య ఏం జరిగిందో తెలియక, తన జవాబు నచ్చి సారు లేచి నిలబడ్డాడని తానూ సెల్యూట్ కొట్టి నిలబడ్డాడు.

చక్రధర్ గారు చేతులు వెనక కట్టుకుని చెప్పసాగారు. "నేరస్థురాలి పేరు పెంచలమ్మ. హవల్దారు మాలకొండయ్య భార్య..."

పెంచలమ్మ తలెత్తింది. సర్కారు నోటి వెంట ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

"ఇంకోపారి చెప్పండి సార్" అంది.

"సార్," అంది సులోచన, పెన్ను ఆపి, "రికార్డు ప్రకారం ఈమె బయటి వ్యక్తి కదా. భార్య అని రాయమంటారా?"

ఆయన ఆలోచించారు. ఉత్తర్వులో రెండు రకాల దళారులున్నారు. బయటి దళారికి మందలింపు మాత్రమే. 'గృహ దళారి' అని ఇంకోటి ఉంది. హక్కుదారుతో ఒకే ఇంట్లో ఉంటూ, రేయింబవళ్లు సాయం చేసే అత్యంత ప్రమాదకరమైన వ్యక్తి. రాష్ట్రంలో ఇంతవరకు ఒక్క గృహ దళారీ పట్టుబడలేదు. చక్రధర్ గారి ముఖం వెలిగింది.

"భార్య అనియే వ్రాయుము. నిరూపించెదను. ఈమె భార్య కానిచో కేసు వీగిపోవును!"

సులోచన వంచిన తల ఎత్తలేదు గానీ, పెంచలమ్మ వైపు ఓరగా ఒక చూపు చూసింది. ఆ చూపు సాయం కిందికి వస్తుందో రాదో ఉత్తర్వులో లేదు. పెంచలమ్మకు అర్థమైంది.

"ఒప్పుకుంటా ఉండా సార్," అంది చేతులు జోడించి. "పెళ్లైన కాణ్ణించి సాయం చేస్తానే ఉండా. అన్నం పెడతా ఉండా. మందులేస్తా ఉండా. వీపు గూడా రుద్దతా ఉండా సార్. ఎంత శిక్షైనా ఎయ్యండి, తక్కువ మాత్రం ఎయ్యొద్దు."

*

విచారణకు చక్రధర్ గారు గుండ్లవాగుకే వచ్చారు. రచ్చబండ దగ్గర బల్ల వేశారు. ఊరంతా కూడింది. పెంచలమ్మను జైలుకు పంపడానికి ఎవరో వచ్చారని అప్పటికే పుకారు. ఊరివాళ్లు లోపల్లోపల ఒక మాట అనుకున్నారు. ఆ సంగతి పెంచలమ్మకు తెలియదు.

"ఈ పెంచలమ్మ అను ఆమె మాలకొండయ్య భార్యయేనా?" అని చక్రధర్ గారు సర్పంచిని అడిగారు.

హజరతయ్య ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. "ఎవురో నాకు తెలవదు సార్."

పెంచలమ్మ ఆయన వైపు గుడ్లురిమింది.

"ఇదే గ్రామములో నివసించుచున్నది కదా?"

"చుట్టపుచూపుగా వచ్చింది సార్."

"ఎప్పుడు వచ్చినది?"

"ముప్పై ఏళ్ల పైనే అయ్యుంటది సార్. రేపో మాపో పోద్ది."

వెనక నుంచి ఇంకొకాయన, "మేమెప్పుడూ ఆయమ్మను చూళ్లేదు సార్. పోయిన నెల మా కోడలికి కాన్పు చేసినప్పుడు గూడా చూళ్లేదు" అన్నాడు.

చక్రధర్ గారు నిరాశగా కలం మూత పెట్టబోయారు. కేసు చేజారిపోతోంది. పెంచలమ్మ జనం మధ్యకు దూసుకొచ్చింది.

"ఓరి మీ నోళ్లు పడ! నా కొంప తీస్తా ఉండారు గదరా! హజరతయ్యా, నా పెళ్లిలో బూరెలు చాలలేదని అలిగి పోయింది నువ్వు కాదా? నీ భార్యను అడుగు, నాకు తలంబ్రాల చీర కట్టింది ఎవురో! చెప్పండ్రా నేనాయన పెళ్లాన్నని! చెప్పకపోతే రేప్పొద్దున మీ ఇళ్లల్లో ఎవురు నొప్పులు పడినా నా గడప తొక్కొద్దు!"

 నేరస్థురాలే తన మీద సాక్ష్యం చెప్పమంటుంటే కాదనేదెట్లా? హజరతయ్య గొంతు సవరించుకున్నాడు. "బూరెలు చాలనిమాట నిజమే సార్. ఈయమ్మ హవల్దారు భార్యే."

ఇక అడ్డు లేకపోయింది. పెళ్లి చేయించిన పూజారి కొడుకు వచ్చి చెప్పాడు. చూసినవాళ్లు, తిన్నవాళ్లు, అలిగినవాళ్లు చెప్పారు. మరి రికార్డులో రవణమ్మ మాటేమిటని సులోచన చాలా వినయంగా గుర్తుచేసింది. ఆమె బతికుంటే పెంచలమ్మ భార్య కాదు, గృహ దళారి కాదు. చక్రధర్ గారు ఆ మధ్యాహ్నమంతా ఎండలో నిలబడి, పంచాయతీ పాత మరణాల పుస్తకం దుమ్ము దులిపించి, రవణమ్మ మరణాన్ని అనుమానానికి తావు లేకుండా నిరూపించారు. చెమట తుడుచుకుంటూ, "సత్యము కొరకు ఎంత శ్రమైనా పడవలెను" అన్నారు. పెంచలమ్మ ఆయనకు మజ్జిగ ఇవ్వబోయింది. ఆయన వద్దన్నారు. ఆయన మాజీ సైనికుడు కాకపోయినా సాయం సాయమే కదా.

ఉత్తర్వు వచ్చింది. 'సకల సాక్ష్యాధారములతో, నిస్సందేహముగా, పెంచలమ్మ హవల్దారు మాలకొండయ్య యొక్క ఏకైక సజీవ ధర్మపత్ని అని రుజువైనది. కావున దళారి' అని ముద్ర కొట్టి ఉంది. నియమం ప్రకారం ఒక ప్రతి సైన్యం రికార్డుల ఆఫీసుకు పోయింది. విన్నపాలు పోతే అక్కడ జవాబుండదు గానీ, శిక్ష పడిందని పోతే వెంటనే కదులుతారు. రవణమ్మ పేరు కొట్టేసి పెంచలమ్మను ఎక్కించామనీ, ఈ దళారి ఇక ముందు కూడా హక్కుదారు భార్యగానే పరిగణించబడుతుందనీ కబురు వచ్చింది.

మాలకొండయ్యకు ఈ సంగతి పెంచలమ్మ ఎట్లా తెలియజేసిందో గానీ, ఆయన వీధి ఆ చివర నుంచి ఈ చివరదాకా నడిచి, "నా పెళ్లాం దళారి! సర్కారే తేల్చింది!" అని చాటాడు. ఆ సాయంత్రం ఊళ్లో అందరికీ బూరెలు వండారు. ఈసారి చాలాయి.

చక్రధర్ గారు రాష్ట్రంలో మొదటి గృహ దళారిని పట్టుకున్నందుకు పై ఊరికి పెద్ద ఉద్యోగం మీద పోయారు. పోయేముందు శిక్ష అమలు చేయించారు. పెంచలమ్మ ఇంటి ముందు, దారినపోయే మాజీ సైనికులు జాగ్రత్తపడేట్టు, ఎర్ర రంగుతో 'హెచ్చరిక: ఈ ఇంట్లో సాయం చేసే వ్యక్తి కలదు' అని బోర్డు పాతారు. మస్తానే గుంత తవ్వాడు. ఊరి పొలిమేర నుంచి కనపడాలని కాస్త ఎత్తుగా పాతాడు.

నెల తిరక్కుండా ఆ బోర్డు చూసుకుంటూ జనం రాసాగారు. రికార్డులో పేరు లేని భార్యలు, తప్పు తేదీ పడ్డ సుబేదార్లు, పక్క జిల్లా నుంచి ఒక నాయక్ తల్లి. ఎట్లా పట్టుబడాలో, విచారణలో ఏమేం ఒప్పుకోవాలో పెంచలమ్మ చెబుతుంది. సులోచన సెలవు రోజు వచ్చి కాగితాలు రాసిపెడుతుంది. ఎవరి దగ్గరా పైసా తీసుకోరు. శేషగిరి కుర్చీలో చేతులు కట్టుకునే ఉన్నాడు, ఎదుటి కుర్చీ ఖాళీ. ఒకరోజు తానే గుండ్లవాగుకు వచ్చి, "అక్కా, ఆ బోర్డు నాకు అద్దెకిస్తావా?" అని అడిగాడు.

"అది శిక్ష నాయనా. నేరం చేసినోళ్లకే ఇస్తారు. నువ్వేనాడన్నా ఎవురికన్నా సాయం చేసినావా?" అంది.

ఆయన వెళ్లిపోతూ ఉంటే ఎదురుగా ఒక ఆడమనిషి, చంకలో సంచి, పక్కన కర్ర పట్టుకున్న ముసలి మొగుడు. బోర్డు కింద నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. తర్వాత గుమ్మంలోకి తొంగిచూసింది.

"అమ్మా, దళారి ఇల్లు ఇదేనా?"

"ఇదేనమ్మా" అంది పెంచలమ్మ. "ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని లోపలికి తీసుకురా. గడప ఎత్తుగా ఉంటది."

రాసినది: ఉప్పుటూరి ఆదిలక్ష్మమ్మ, వయసు డెబ్భై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది కందుకూరులో, చిన్నకూతురింట్లో.